నల్లావు నాలుగో పాదం

పాస్టరు ఇంకా రెండో అంశం మీదే ఉన్నాడు. ఈయన ప్రసంగంలో ఎప్పుడూ నాలుగు అంశాలు, నాలుగోది మొదటి మూడూ కలిపినంత పొడుగు, కాబట్టి ఇంకో అరగంట ఉంది, ఆ అరగంట కాగానే అన్నయ్య లేవాలి. లేచి కీర్తన ఒక్కో పాదం తను ముందు పాడి జనానికి అందించాలి, ఇన్నేళ్ళుగా అందించినట్టే. పాస్టరు నిలబడే ఎత్తు వేదిక కింద, చెక్క గాదెలాంటి తన చోటులో, మా అందరికీ ఎదురుగా కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద, కోటు గుండీలన్నీ పెట్టుకుని. గుండీలు వదిన పెట్టింది, నేను చూశాను, చిన్నపిల్లాడికి పెట్టినట్టు కింది నుంచి పైకి పెట్టింది, ఆయన గడ్డం ఎత్తి పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఆయన కుడి బొటనవేలు కదులుతోంది, మోకాలి మీద ముందుకీ వెనక్కీ, పాస్టరు మాటకీ దానికీ సంబంధం లేదు, అది మగ్గం లెక్క, డెబ్బై ఆరేళ్ళ మనిషికి ఆ లెక్క మాత్రం పోలేదు. దేవుడా ఆ లెక్కతో పాటు ఆ నాలుగు చరణాలు కూడా ఉంచు, ఇవాళ్టికి ఉంచు, రేపు తీసుకో. ఇలా ప్రార్థించడం తప్పేమో. వదిన మోచేత్తో పొడిచి తెల్ల పిప్పరమెంటు బిళ్ల నా చేతిలో పెట్టింది. మా బెంచీల్లో ఆ బిళ్ల లేకుండా ప్రసంగం వినడం ఎవరికీ రాదు, కొరకకూడదు, చప్పరించాలి, కొరికితే ముందు బెంచీ టోపీ వెనక్కి తిరుగుతుంది. ఇవాళ ముందు బెంచీ మాదే.

అదే నాకు దడ. నేనెప్పుడూ వెనక కూర్చునేదాన్ని, గ్లాస్గో నుంచి మా దీవికి వచ్చిన ప్రతిసారీ, తలుపు దగ్గర, తప్పు చేసినవాళ్ళు కూర్చునే చోట. పొద్దున వదిన గంజిలో ఉప్పు వేస్తూ చెప్పింది. "ఇవాళ ముందు కూర్చుందాం డోలీ. మొన్న గురువారం ఆరాధనలో మధ్యలో ఆగిపోయాడు. దగ్గొచ్చినట్టు నటించాడులే, కానీ సంఘ పెద్ద కెన్నెత్ చూశాడు. పెద్దలంతా కూడబలుక్కుని మా ఇంటికొచ్చారు, టీ తాగి, కేకు తిని, ఇంక వేరే ఎవరికైనా అప్పగిద్దాం టోర్మోడ్ అన్నారు." "అన్నయ్య ఏమన్నాడు?" "ఈ ఆదివారం ప్రభు బల్ల దాకా ఆగండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాడు. ఇదే ఆఖరుసారి. నిన్ను చూస్తే ధైర్యం వస్తుంది. నీ మొహం కనపడితే దారి తప్పడు." పొయ్యిలో పీటు పెళ్ల, మా బీళ్ళలో తవ్వి ఎండబెట్టుకునే నల్లమట్టి వంటచెరుకు, విరిగి పడింది. నేను సరేనన్నాను. వదిన అడిగితే కాదనే మనిషిని కాను, నలభై ఏళ్ళ కిందట ఈ చర్చిలోనే ఆవిడ నా కోసం దగ్గింది, ఆ దగ్గు రుణం నాకింకా తీరలేదు. నిన్న సాయంత్రం అన్నయ్య నన్ను అమ్మ పేరుతో పిలిచాడు, తర్వాత నా పేరుతో, తర్వాత టీ గిన్నె తీసుకెళ్ళి పీటు బుట్టలో భద్రంగా పెట్టాడు. మగ్గం దగ్గర మాత్రం ఒక్క పోగు తప్పలేదు. వదిన నవ్వింది, "మొగుడు మర్చిపోయినా మగ్గం మర్చిపోదమ్మా, ఆ చెక్కకి నాకంటే ముందు పెళ్ళయింది" అంది, తర్వాత అటు తిరిగి పళ్ళేలు కడిగినవే మళ్ళీ కడిగింది.

రెండో అంశం అయింది. పాస్టరు పేజీ తిప్పాడు, అందరూ ఒకసారి కదిలి సర్దుకున్నారు, చెక్క కిర్రుమంది, ఈ కిర్రు నేను వాద్యబృందాలకి రాసిన సంగీతం ఒకదాంట్లో ఉంది, అరవై బెంచీలు ఒక్కసారి కదిలే చప్పుడు, దాన్ని పెద్ద డ్రమ్ముల మీద గోళ్ళతో గీకించాను, గ్లాస్గోలో ఎవరికీ నచ్చలేదు. నేను చెయ్యగలిగిందంతా ఇదే, ఇక్కడ ఎత్తుకోవడం, అక్కడ దించడం. మా చర్చిలో వాయిద్యం అన్నది లేదు. పియానో అనేది పదకొండో ఏట బడిలో చూశాను, మూత తీసి చూస్తే ఇంత పెద్ద జంతువుకి ఇన్ని పళ్ళా అనుకున్నాను. దానికంటే ముందే సంగీతం వచ్చు నాకు, మగ్గం కొట్టంలో వచ్చింది. నాకు ఏడేళ్ళు, అన్నయ్యకు ఇరవై, నాన్న ఓడల మీద ఎక్కడో, అమ్మకి ఆవులూ కోళ్ళూ మిగతా పిల్లలూ. అన్నయ్య మగ్గం తొక్కుతూ తొక్కుతూ ఆపేవాడు. కొట్టమంతా గొర్రె ఉన్ని నూనె వాసన. ఆ నిశ్శబ్దంలో ఒక పాదం అందించేవాడు, నేను అందుకునేదాన్ని. కీర్తన మాటలతో కాదు. దేవుడి మాటలు సాధనకు వాడకూడదని మా వాళ్ళ నియమం, రాగం నేర్చుకోవాలంటే వేరే మాటలు పెట్టుకోవాలి, ఏవైనా సరే, పిచ్చివైనా సరే, ఎన్నిసార్లు తప్పు పాడినా పాపం అంటని మాటలు. తాతల కాలం నుంచీ ఒక్కో ఇంటికి ఒక్కో రకం ఉన్నాయి. మా ఇంటివి ఆవు మాటలు.

నల్లావు గోడ దూకింది, దుంపల చేలో దూరింది, ముసలమ్మ చీపురు విసిరింది, ఆవుకి తగల్లేదు. ఇదీ మొత్తం. దీన్ని ఆ మహా గంభీరమైన రాగంలో, ఒక్కో అక్షరాన్ని కొండ మీదికి మోసినట్టు మోస్తూ పాడాలి. మొదటి మూడు పాదాలూ పాడేదాన్ని. నాలుగో పాదం, "తగల్లేదు" దగ్గరికి రాగానే నవ్వొచ్చేది. అన్నయ్య మొహం అంత పెద్దరికంగా పెట్టుకుని ఆవుకి తగల్లేదు అని అందిస్తుంటే ఏడేళ్ళ పిల్ల ఎలా ఆపుకుంటుంది. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు, "మళ్ళీ మొదట్నించీ" అనేవాడు. మళ్ళీ ఆవు, మళ్ళీ గోడ. "నవ్వకుండా చివరిదాకా వస్తేనే వచ్చినట్టు. అప్పుడు నేనే చెప్తాను, వచ్చింది అని. అందాకా రాలేదు." ఎప్పుడూ రాలేదు. ఎనిమిదో ఏడు, తొమ్మిదో ఏడు, నవ్వొస్తుందని తెలిసే నవ్వొచ్చేది. తర్వాత ఆయనకు పెళ్ళయింది, తాత పోయాక ఈ చెక్క గాదె ఆయనకు వచ్చింది, నేను ఓడెక్కి గ్లాస్గో వెళ్ళాను. అక్కడ చాలామంది చాలా మాటలన్నారు నన్ను, గొప్పవి కూడా అన్నారు, మెడలో పతకాలు వేశారు. వచ్చింది అని మాత్రం చెప్పాల్సినవాడు చెప్పలేదు.

మూడో అంశం. పాస్టరు గొంతు పెంచాడు, వెనక ఎవరో పసిపాప ఉలిక్కిపడింది. అన్నయ్య నన్ను చూస్తున్నాడు. చూపు నా మీదే ఆగింది, ఇందాకటి నుంచీనా ఇప్పుడేనా తెలీదు. నేను కొంచెం తలూపాను. ఆయన ఊపలేదు. మొదటి కీర్తన బాగానే అయింది కదా, గంట కింద, ఒక్క మాట తడబడలేదు, గొంతు సన్నబడింది కానీ రాగం ఎక్కడికక్కడ నిలబడింది, వదిన ఊపిరి పీల్చుకోవడం కూడా మానేసి వింది. అదీ వస్తుంది, ఇదీ వస్తుంది. రాకపోతే నేనేం చెయ్యగలను? ఆ చరణాలన్నీ నాకు నోటికొచ్చు. నిద్రలో లేపినా అందిస్తాను. నలభై మంది తంత్రీ వాయిద్యాల వాళ్ళకి ఎప్పుడు విల్లు ఎత్తాలో ఎప్పుడు దించాలో కాగితం మీద రాసిచ్చిన దాన్ని, ఈ గదిలో ఒక్క పాదం నోరెత్తి అందించలేను. మా దగ్గర అందించేది మగవాడు. ఆడవాళ్ళు అందుకుంటారు. నాకు అరవై మూడేళ్ళు, దీని మీద నాకున్న కోపానికీ దగ్గర దగ్గర అంతే వయసు, అయినా నోరెత్తను, ఎత్తితే ఆ సిగ్గు నాకు కాదు, ఆయనకి.

పైగా దొంగని. ఆ మాట అనుకోకుండా ఈ బెంచీలో ఒక ఆదివారం గడవదు. ఇరవై మూడేళ్ళప్పుడు టేపు రికార్డరు మోసుకుని వచ్చాను, అన్నయ్యా పాడు, నాకు కావాలి, నేనొకటి రాస్తున్నాను అన్నాను. పాపం సాయంత్రమంతా మగ్గం ఆపి కూర్చుని పాడాడు. ఆవు మాటలు. "అసలు మాటలు పాడొచ్చుగా." "అవి అక్కడ పాడేవి డోలీ, ఇక్కడ కాదు." టేపు తిప్పి విన్నాను, రాగం ఉంది, గొంతు ఉంది, కానీ చర్చిలో ఆ గొంతులోకి వచ్చేది రాలేదు, ఆవు కోసం ఎవడికి వస్తుంది. నాకు అదే కావాలి. ఆదివారం రికార్డరు కోటు లోపల పెట్టుకుని, ఆ తలుపు దగ్గరి బెంచీలోనే, మీట నొక్కాను. అన్నయ్య ముప్పై ఆరేళ్ళ గొంతు పాదం అందించింది, మూడు వందల మంది అందుకున్నారు, ఎవరి తొందర వాళ్ళది, ఎవరి మెలిక వాళ్ళది, ఒకరికంటే ఒకరు ముందూ వెనకా, ఇసక మీదికి సముద్రపు పోటు ఎక్కినట్టు. తర్వాత ప్రార్థన, అందరూ లేచి నిలబడ్డారు, సూది పడితే వినిపించే నిశ్శబ్దం, అందులో టేపు అయిపోయి నా కోటులో టక్ మంది. అప్పుడు దగ్గింది వదిన. ఊపిరితిత్తులు ఊడి వస్తాయేమో అన్నట్టు దగ్గింది. బయటికొచ్చాక నా కోటు మీద తట్టి, "చలికాలం జాగ్రత్త, నీ కోటుకి దగ్గు పట్టింది" అంది, అంతే, ఇన్నేళ్ళలో మళ్ళీ ఎత్తలేదు.

'పోటు' అని పేరు పెట్టాను దానికి. నలభై తంత్రీ వాయిద్యాలు, ఎవరి కాలం వాళ్ళది, చివర్న అన్నీ ఆగిపోయాక టేపు మీద ఒక్క మగ గొంతు ఒక్క పాదం అందిస్తుంది, అందుకునేవాళ్ళు ఉండరు, అయిపోతుంది. ఎడిన్‌బరోలో మొదటిసారి వాయించినప్పుడు ఎవరూ కాసేపు చప్పట్లు కొట్టలేదు, తర్వాత ఆపలేదు. ఒకే రాగం మీద నలుగురూ నాలుగు వేగాల్లో కదిలే సరికొత్త పద్ధతి కనిపెట్టానని జర్మనీ పత్రికలో రాశారు. మా పక్క బెంచీ పెగ్గీ పిన్నికి ఉబ్బసం, ఆవిడ ప్రతి స్వరాన్నీ అందరికంటే ఒక ఊపిరి ఆలస్యంగా అందుకునేది, అదీ నా సరికొత్త పద్ధతి. ఆ తర్వాత నేను రాయనిది లేదు, రెండు సంగీత నాటకాలు, ఒక వయొలిన్ పెద్ద రచన, రాణి గారి ఎదుట వాయించినవి, మూడు రోజుల్లో రాసినవి, మూడేళ్ళు రాసినవి, అన్నిటినీ మర్యాదగా విని, "మరి పోటు?" అనేవారు. నా మిగతా బతుకంతా ఆ పన్నెండు నిమిషాలకి వెనక కట్టిన బండి. వదినకి మాత్రం అదీ నచ్చలేదు. "ఇన్ని రాస్తావు కదే, బట్టలారేస్తూ ఈలవేసుకోడానికి పనికొచ్చేది ఒక్కటి రాయరాదూ?" ఈ ఏడేళ్ళుగా ఏదీ రాయలేదు. గీతల కాగితం ముందు కూర్చుంటాను, పెన్సిలు చెక్కుతాను, టీ పెట్టుకుంటాను. వచ్చేది రావడం మానేసింది, పిలిస్తే పలకదు, ఎవరితోనూ చెప్పలేదు.

'పోటు' రేడియోలో వచ్చింది ఒక మధ్యాహ్నం, నేను ఊళ్ళోనే ఉన్నాను, వస్తుందని తెలిసీ రేడియో కట్టలేదు, కట్టాల్సింది, వినాలని ఉండింది నాకు, ఆయన విని ఏదో అంటాడని ఉండింది. ఉప్పు చేప, దుంపలు, బల్ల చుట్టూ ముగ్గురం. తంత్రులు మోగుతున్నంతసేపు మర్యాదగా తిన్నాడు. చివర తన గొంతు వచ్చింది. పవిత్రమైన మాటలు, పళ్ళేల మధ్య, చేప ముళ్ళ మధ్య. ఆయన ఫోర్కు దించి తల వంచుకున్నాడు, చర్చిలో వంచినట్టే, పాదం అయ్యేదాకా. లేచి కొట్టంలోకి వెళ్ళాడు. సాయంత్రం దాకా మగ్గం ఆగలేదు. మర్నాడు నన్ను ఓడ దాకా దింపుతూ అన్నాడు, కోపం లేదు గొంతులో, కోపం ఉంటే బాగుండేది. "గొంతు నాదే డోలీ, కావాలంటే మొత్తం తీసుకెళ్ళు. ఆ మాటలు నావి కావు. నావి కానివి నీకెలా ఇస్తాను?" తీసేస్తాను అన్నయ్యా అన్నాను. తియ్యలేదు. వచ్చే నెల కొలోన్‌లో ఉంది, అది అయ్యాక అనుకున్నాను, ఆ తర్వాత ఒస్లో. తీసేస్తే అందులో ఏం మిగులుతుంది? పెగ్గీ పిన్ని ఉబ్బసం మిగులుతుంది. ఆయన మళ్ళీ అడగలేదు, నేను మళ్ళీ చెప్పలేదు, ఇన్నేళ్ళూ ప్రేమగానే ఉన్నాం, గొర్రెల గురించీ వాన గురించీ మాట్లాడుకుంటూ. ఈ క్షణాన ఏ ఊళ్ళోనో ఏ హాల్లోనో ఆ ముప్పై ఆరేళ్ళ గొంతు ఒక్క మాట తడబడకుండా పాదం అందిస్తూ ఉండి ఉంటుంది, ఆ గొంతుగల మనిషి ఇక్కడ కూర్చుని బొటనవేలితో మగ్గం లెక్కపెడుతున్నాడు. నా దగ్గర మాటలన్నీ ఉన్నాయి, టేపుల్లో, పెట్టెల్లో, తిరిగి ఇవ్వడం మాత్రం నా చేతకాదు.

నాలుగో అంశం ఎప్పుడు మొదలైందో ఎప్పుడైందో తెలీలేదు. పాస్టరు పుస్తకం మూశాడు. కీర్తన పేరు చెప్పాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది, ఆవిడ చేతి తొడుగు తడిగా ఉంది. అన్నయ్య లేచాడు. మొదటి పాదం అందించాడు, సరైనదే, అసలు మాటలే, అందరూ అందుకున్నారు, వెనక నుంచి అల లేచి నా వీపు మీదుగా ముందుకెళ్ళింది, అమ్మయ్య, వచ్చేసింది, గట్టెక్కాడు. ఆయన నన్నే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ మొహం మారింది, కళ్ళు చిన్నవయ్యాయి, వయసు జారిపోయింది మొహం మీంచి, ఆ చూపు నాకు తెలుసు, నూనె వాసనతో సహా తెలుసు. వద్దు అన్నయ్యా. నన్ను చూడకు. వదినా, మనం వెనక కూర్చోవాల్సింది.

నల్లావు గోడ దూకింది, అన్నాడు. అందించాడు. ఆ గొంతులో, ఆవు కోసం ఎన్నడూ రానిది ఇవాళ వచ్చింది, నిండుగా వచ్చింది. మూడు వందల తలలు పైకి లేచాయి. ఆయన పక్కన పెద్దల బెంచీలో కెన్నెత్, మంచివాడు, తొణక్కుండా కీర్తనలోని రెండో పాదం ఎత్తుకున్నాడు, అందరూ ఆయన వెనక అదే అందుకున్నారు, ఏమీ జరగనట్టు, ఒంటి మీద దుప్పటి కప్పినట్టు కప్పేశారు. అన్నయ్య కళ్ళు చిట్లించాడు. వాళ్ళు తప్పు పాడారు. ఓపిగ్గా, మందమతి పిల్లలకి చెప్పినట్టు, మళ్ళీ అందించాడు, నల్లావు గోడ దూకింది. వాళ్ళు మళ్ళీ కీర్తన. దుంపల చేలో దూరింది. కీర్తన. ఎక్కడో ఒక పిల్ల కిసుక్కుమంది, ఎవరో నోరు మూశారు. వదిన పెదాలు కదులుతున్నాయి, కూర్చో, కూర్చో టోర్మోడ్. ముసలమ్మ చీపురు విసిరింది. తను ఇచ్చింది ఎవరూ తీసుకోవడం లేదు, ఇంతమందిలో ఒక్కరూ తీసుకోవడం లేదు, చేతులు గాదె అంచు పట్టుకున్నాయి. కెన్నెత్ కూడా ఆపేశాడు. అంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆయన నా వైపు వంగాడు, ఆవుకి తగల్లేదు, అన్నాడు, నా ఒక్కదానికే.

అందించలేను. అందుకోవచ్చు. అందుకుంటే ఈ ప్రభు బల్ల ముందు, ఈ మాటలు, ఇంకో దొంగతనం. అందుకోకపోతే ఆయన ఒక్కడే నిలబడి ఉంటాడు అక్కడ. ఏది మంచిదో ఇప్పటికీ తెలీదు, అప్పుడు ఆలోచించానని చెబితే అబద్ధం, నోరు తెరుచుకుంది, అంతే. ఆవుకి తగల్లేదు. ఒక్కదాన్నే. ఒక్కో అక్షరం కొండ మీదికి మోసినట్టు, ఆయన నేర్పిన మెలికలన్నిటితో, నా ముసలి గొంతు ఎక్కడ పగలాలో అక్కడ పగిలింది, టోపీలన్నీ ఇటు తిరిగాయి, చివరిదాకా వెళ్ళాను, ఆఖరి స్వరం దించాను.

అన్నయ్య తలూపాడు. "వచ్చిందే డోలీ," అన్నాడు, మామూలు గొంతుతో, చర్చంతా వినేటట్టు, "ఇప్పుడొచ్చింది." తృప్తిగా కూర్చున్నాడు. పని అయిపోయింది ఆయనకి.

పాస్టరు గొంతు సవరించుకుని ప్రార్థన చేద్దాం అన్నాడు, అందరూ లేచారు. నేను లేవలేకపోయాను. అప్పుడొచ్చింది నవ్వు, యాభై ఆరేళ్ళ నాటి నవ్వు, కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు కారుతుంటే కడుపులోంచి తన్నుకొచ్చింది, ఆపుకోవడం నా వశంలో లేదు. వదిన చూసి గట్టిగా దగ్గడం మొదలుపెట్టింది. నేను ముందుకు వంగి చేతి తొడుగు మొత్తం నోట్లో కుక్కుకున్నాను. వింటే మళ్ళీ మొదట్నించీ అంటాడు.